వ్యాయామంలో కండరశ్రమ మాపనం: చర్మోపరితల విద్యుత్ సంకేతాలు చెప్పేదేమిటి?

వ్యాససంగ్రహం:
వ్యాయామం చేస్తున్నప్పుడు ఏ కండరం ఎంత శ్రమపడుతున్నదో తెలుసుకోవడానికి చర్మంపై ఎలక్ట్రోడ్లు అంటించి విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పద్ధతిని ఎలక్ట్రోమయోగ్రఫీ (ఈఎంజీ) అంటారు. ప్రయోగశాలలకు పరిమితమై ఉండిన ఈ పద్ధతి నేడు వ్యాయామ దుస్తులలోకి, చౌక సెన్సార్లలోకి, వ్యాయామ విద్యాపరిశోధనల్లోకి వచ్చింది. కండర తంతువుల మీద పుట్టే విద్యుత్ చర్యను ఈ సంకేతం చూపుతుంది. కండరం చూపిన బలాన్నిగాని, వ్యక్తి అనుభవించిన శ్రమనుగాని నేరుగా కొలవదు. ఈ భేదాన్ని గోడకుర్చీ అనే పరిచితమైన భంగిమ ఆధారంగా వివరించడం, పరిశోధకులు ఎక్కడ పొరబడే అవకాశం ఉందో చూపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: కండరశ్రమ, ఎలక్ట్రోమయోగ్రఫీ, చాలక యూనిట్, అలసట, ప్రమాణీకరణ, వ్యాయామ విద్య.

1. ఉపోద్ఘాతం:
తెలుగునాట బడికి వెళ్ళినవారిలో చాలామందికి గోడకుర్చీ తెలుసు. వీపును గోడకు ఆనించి, మోకాళ్ళు వంచి, లేని కుర్చీలో కూర్చున్నట్లు నిలవాలి. మొదటి కొద్ది సెకన్లలో ఇదేమంత కష్టమనిపిస్తుంది. నిమిషం గడిచేసరికి తొడలు మండుతాయి, తరువాత వణుకుతాయి, చివరికి వీపు గోడ మీది నుంచి కిందికి జారుతుంది. పిల్లలకు శిక్షగా దీన్ని విధించడాన్ని సమర్థించనవసరం లేదు. అయితే ఇదే భంగిమను వ్యాయామశాస్త్రం తొడ కండరాల ఓర్పును పరీక్షించడానికి వాడుకుంటున్నది.

భౌతికశాస్త్ర దృష్టితో చూస్తే గోడకుర్చీలో జరిగింది ఏమీ లేదు. శరీరం బరువు మారలేదు. మోకాలి కోణం మారలేదు. స్థానభ్రంశం లేదు కనుక చేసిన పని శూన్యం. మోకాలి కీలు వద్ద అవసరమైన బలభ్రామకం మొదటి సెకనులో ఎంత ఉందో అరవయ్యో సెకనులోనూ ఇంచుమించు అంతే ఉంది. అయినా శ్రమ పెరిగింది. ఆ మాటను కూర్చున్న వ్యక్తి ముఖమే చెబుతుంది. బయటి భారం స్థిరంగా ఉండగా లోపల పెరిగినదేమిటి, దానిని పరికరంతో పట్టుకోగలమా అన్నదే ఇక్కడి ప్రశ్న.

బరువు, దూరం, కాలం వంటివి బయటి భారాన్ని మాత్రమే కొలుస్తాయి. నాడి వేగం లోపలి స్థితిని చూపుతుంది కాని అది మొత్తం శరీరానికి సంబంధించినది. తొడకూ పిక్కకూ మధ్య తేడా దానికి తెలియదు. స్వీడన్‌కు చెందిన మనోవిజ్ఞానవేత్త గున్నార్ బోర్గ్ మరో మార్గం చూపాడు. వ్యాయామం చేస్తున్న వ్యక్తినే అడిగి, అతడు అనుభవిస్తున్న శ్రమను 6 నుంచి 20 వరకు ఉన్న మాపనిపై ఒక అంకెగా చెప్పించే పద్ధతి అతనిది. ఆరోగ్యవంతులైన యువతీయువకులలో ఆ అంకెను పదితో గుణిస్తే నిమిషానికి గుండె కొట్టుకునే వేగానికి ఇంచుమించు సరిపోవాలన్న ఆలోచనతో 6 నుంచి మొదలుపెట్టాడు. ఖర్చులేని ఈ పద్ధతిని పరికరాల మోజులో చులకన చేయడం తగదు. అయితే ఒక్కొక్క కండరం సంగతి విడిగా తెలియాలంటే ఆ కండరం దగ్గరికే వెళ్ళాలి. ఈఎంజీ చేసేది అదే.

2. సంకేతం ఎక్కడ పుడుతుంది?
వెన్నుపాములోని ఒక చాలక నాడీకణం, దాని పోగు శాఖలుగా చీలి చేరుకునే కండర తంతువులు, ఇవన్నీ కలిసి ఒకే జట్టుగా పనిచేస్తాయి. ఈ జట్టుకు మోటార్ యూనిట్ అనే భావనను 1925లో లిడెల్, షెరింగ్‌టన్ స్థిరపరిచారు. ఈ వ్యాసంలో దీనిని చాలక యూనిట్ అంటున్నాం. కంటిగుడ్డును కదిపే కండరాలలో ఒక్కో యూనిట్‌కు కొద్ది తంతువులే ఉంటాయి. పిక్క కండరంలో ఒక్క యూనిట్ కిందే వెయ్యికి పైగా తంతువులు ఉండవచ్చు. సున్నితమైన కదలికకు చిన్న జట్లు, బలమైన తోపుకు పెద్ద జట్లు అన్నమాట.

విశ్రాంతిలో ఉన్న కండర తంతువు లోపలి భాగం, బయటితో పోలిస్తే సుమారు 90 మిల్లీవోల్టుల మేర రుణావేశితంగా ఉంటుంది. నాడి నుంచి ఆజ్ఞ అందగానే తంతువు పొరలోని ద్వారాలు తెరచుకొని సోడియం అయాన్లు లోపలికి దూసుకువస్తాయి. ఆ చోట ఆవేశం తారుమారవుతుంది. ఈ మార్పే క్రియాశక్మం. నాడి, కండరం కలిసే స్థానం నుంచి ఇది రెండు కొసలవైపూ సెకనుకు సుమారు 4 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. దాని వెంట తంతువు లోపల కాల్షియం విడుదలై, ఆక్టిన్, మయోసిన్ పోగులు ఒకదానిపై ఒకటి జారి, బలం పుడుతుంది. విద్యుత్ అల ముందు, బలం వెనుక. రెంటి మధ్య కొన్ని పదుల మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది. చర్మంపై ఉన్న ఎలక్ట్రోడ్ చూసేది ఈ విద్యుత్ అలను మాత్రమే. కాల్షియం విడుదల గాని, పోగుల జారుడు గాని దానికి కనిపించదు. ఈ వ్యాసంలో ముందుకు చెప్పబోయే చిక్కులలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

బలం పెంచడానికి నాడీమండలానికి రెండు దారులున్నాయి: మరిన్ని యూనిట్లను రంగంలోకి దింపడం, దిగిన యూనిట్లకు ఆజ్ఞలను మరింత వేగంగా పంపడం. ముందు చిన్న యూనిట్లు, అవసరం పెరిగే కొద్దీ పెద్ద యూనిట్లు చేరతాయన్న పరిమాణ సూత్రాన్ని ఎల్‌వుడ్ హెన్నెమన్ ప్రతిపాదించాడు. ఎలక్ట్రోడ్ కింద ఇలాంటి అనేక యూనిట్ల అలలు ఒకదానిలో ఒకటి కలిసి, కొన్ని కూడుకొని, కొన్ని పరస్పరం రద్దయి, గజిబిజి గీతగా నమోదవుతాయి. సంతలో దూరంగా నిలబడి విన్న రొదవంటిది అది. ఎంత సందడిగా ఉందో తెలుస్తుంది, ఎవరేమంటున్నారో తెలియదు.

3. చర్మం అనే అడ్డుతెర:
1791లో గాల్వానీ కప్ప కండరాలపై తన ప్రయోగాలను ప్రకటించిన తరువాత, మనిషి తన ఇచ్ఛతో కండరాన్ని బిగించినప్పుడు పుట్టే విద్యుత్తును చూపడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది. జర్మన్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు డు బోయి-రేమాన్ ఆ పనికి పూనుకున్నప్పుడు గాల్వనోమీటర్ ముల్లు కదిలీ కదలనట్లు ఉండేది. చర్మం నిరోధమే అందుకు కారణమని గ్రహించి, చేతులపై బొబ్బలు ఎక్కించి, ఆ పైచర్మాన్ని తొలగించి, పచ్చిపుండుపైనే ఎలక్ట్రోడ్ ఉంచి చూశాడు. ముల్లు ఎన్నో రెట్లు ఎక్కువగా కదిలింది. నేటి పరిశోధకుడు వెంట్రుకలు తీసి, చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, మృతకణాలను సన్నగా గీరి ఎలక్ట్రోడ్ అంటించడం ఆ బొబ్బ ప్రయోగానికి నాగరిక రూపమే. 1929లో అడ్రియన్, బ్రాంక్ సన్నని సూది ఎలక్ట్రోడ్‌ను కండరంలోకి దించి ఒక్కొక్క యూనిట్ చర్యను లౌడ్‌స్పీకర్ ద్వారా వినగలిగారు. వైద్యంలో ఆ పద్ధతి నేటికీ ప్రధానమే. కాని గంతులు వేస్తున్న క్రీడాకారుని తొడలో సూది ఉంచలేం కదా! వ్యాయామశాస్త్రం చర్మోపరితలాన్నే ఆశ్రయించక తప్పలేదు.

ఉపరితలంపై అందే సంకేతం మైక్రోవోల్టుల నుంచి కొద్ది మిల్లీవోల్టుల దాకా ఉంటుంది. దానిలో ఉపయోగపడే సమాచారం చాలావరకు 20 నుంచి 450 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. మన ఇళ్ళలోని విద్యుత్ సరఫరా పౌనఃపున్యమైన 50 హెర్ట్జ్ సరిగ్గా ఈ పరిధి లోపలే ఉండటం ఒక దురదృష్టం. గదిలోని ఫ్యాను, ట్యూబులైటు కూడా గీతలోకి వచ్చి చేరతాయి. ఎలక్ట్రోడ్ తీగ ఊగినా, అడుగు నేలకు తగిలి తొడ కుదిలినా తక్కువ పౌనఃపున్యపు అలలు పుట్టి అసలు సంకేతంలో కలుస్తాయి.

చర్మం కింది కొవ్వు పొర మరో తెర. అది సంకేతాన్ని బలహీనపరచడమే కాక, అందులోని వేగవంతమైన భాగాన్ని ఎక్కువగా మింగేస్తుంది. సన్నని వ్యక్తి తొడపై కనిపించిన మిల్లీవోల్టులను, కాస్త ఒళ్ళున్న వ్యక్తి తొడపై కనిపించినవాటితో పోల్చి మొదటివాడు ఎక్కువ శ్రమపడ్డాడనడం అర్థంలేని మాట. కొవ్వు మందం పెరిగేకొద్దీ పక్క కండరాల సంకేతం వచ్చి కలిసే అవకాశం కూడా పెరుగుతుంది. ఇక చెమట సంగతి. మన వేసవిలో, ఏసీ లేని వ్యాయామశాలలో, పది నిమిషాల తరువాత జిగురు పట్టు సడలుతుంది. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య చెమట పొర విద్యుత్ వంతెనగా మారి సంకేతాన్ని తగ్గిస్తుంది. అలా తగ్గిన సంకేతాన్ని కండరం విశ్రాంతి తీసుకుంటున్నదని చదివితే తప్పు పరికరానిది కాదు. శీతల వాతావరణంలోని ప్రయోగశాలల కోసం రాసిన విధివిధానాలను యథాతథంగా దిగుమతి చేసుకునేవారు ఈ విషయాన్ని పెద్దగా పట్టించుకోరు.

ఎలక్ట్రోడ్లు ఎక్కడ, ఎంత ఎడంలో ఉంచాలన్నదానిపై ఐరోపాలో సెనియం అనే ఉమ్మడి ప్రాజెక్టు సిఫారసులు చేసింది. రెండు ఎలక్ట్రోడ్ల కేంద్రాల మధ్య 20 మిల్లీమీటర్లు, తంతువుల దిశకు సమాంతరంగా అమరిక అన్నవి అందులో బాగా ప్రచారమైనవి. వాటిని పాటించినా, మోకాలు వంగినప్పుడు చర్మం కింద కండరం జరుగుతుంది, ఎలక్ట్రోడ్ మాత్రం చర్మంతోనే ఉంటుంది. గోడకుర్చీ వంటి కదలని భంగిమలకు ఈఎంజీ సహజంగా అనువైనది కావడానికి ఇది ఒక కారణం.

4. గోడకుర్చీలో గీత ఎలా మారుతుంది?
తొడ వెలుపలి వైపున ఉండే వాస్టస్ లాటరాలిస్ కండరంపై ఎలక్ట్రోడ్లు ఉంచి ఒకరిని గోడకుర్చీ వేయిస్తే, కాలం గడిచేకొద్దీ రెండు మార్పులు కనిపిస్తాయి. గీత కంపన పరిమితి పెరుగుతుంది. సాధారణంగా దీన్ని వర్గ మధ్యమ మూలంగా లెక్కిస్తారు. అదే సమయంలో గీత నిదానిస్తుంది, అంటే దాని మధ్యగత పౌనఃపున్యం తగ్గుతుంది. అలసటతో సంకేతం నిదానించడాన్ని జర్మనీకి చెందిన పైపర్ 1912 నాటికే గుర్తించాడు.

పరిమితి ఎందుకు పెరుగుతుంది? మొదట దిగిన యూనిట్ల బలం క్షీణిస్తుంది. భంగిమ నిలవాలంటే మొత్తం బలం తగ్గకూడదు కనుక నాడీమండలం కొత్త యూనిట్లను దింపుతుంది. ఎక్కువ మంది పనివాళ్ళు, అదే పని. పౌనఃపున్యం ఎందుకు తగ్గుతుంది? క్రియాశక్మాలు తంతువు వెంట ప్రయాణించే వేగం మందగించడం అందుకు ముఖ్యకారణం. తంతువుల వెలుపల పొటాషియం పోగుపడటం, ఆమ్లత్వం పెరగడం ఈ మందగమనానికి దోహదం చేస్తాయి. అల వెడల్పవుతుంది, వెడల్పైన అల వల్ల కూడా పరిమితి కొంత పెరుగుతుంది. పైగా, బిగిసిన కండరం తనలోని రక్తనాళాలను తానే నొక్కుకుంటుంది. కొత్త రక్తం రాదు, పేరుకున్నది కొట్టుకుపోదు. గోడకుర్చీలో మంట అంత త్వరగా పుట్టడానికీ, అదే తొడ కండరాలతో మైళ్ళకొద్దీ నడవగలగడానికీ ఉన్న భేదం చాలావరకు ఇదే. ఈ ఆక్సిజన్ కొరతను విడిగా చూపే సాధనం కూడా ఉంది. 700–900 నానోమీటర్ల పరారుణ సమీప కాంతి కణజాలంలోకి కొన్ని సెంటీమీటర్ల లోతుకు చొరబడుతుంది. ఆక్సిజన్ ఉన్న హీమోగ్లోబిన్, లేని హీమోగ్లోబిన్ ఆ కాంతిని వేర్వేరుగా గ్రహిస్తాయి. 1977లో జాబ్సిస్ చూపిన ఈ మార్గం నేడు తొడకు కట్టుకునే చిన్న పరికరంగా మారింది. దీనికీ కొవ్వు పొర శత్రువే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గోడకుర్చీలో బలం స్థిరం, సంకేతం పెరిగింది. గరిష్ఠ బలంతో ఒక వస్తువును నెడుతూ అలాగే కొనసాగిస్తే బలమూ తగ్గుతుంది, సంకేతమూ తగ్గుతుంది. మొదటి సందర్భంలో పెరుగుదల అలసటకు గుర్తు, రెండోదానిలో తగ్గుదల అలసటకు గుర్తు. కాబట్టి సంకేతం పెద్దదైతే శ్రమ పెద్దది అన్న సరళసూత్రం, పరిస్థితి తెలియకుండా, ఏ దిశలోనూ నిలవదు.

బస్కీలు తీసే వ్యక్తిని గమనిస్తే మరో వైచిత్రి బయటపడుతుంది. కిందికి దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూ బలం చూపుతాయి. లేచేటప్పుడు కుంచించుకుంటూ బలం చూపుతాయి. బరువు అదే అయినా దిగేటప్పటి సంకేతం చిన్నదిగా ఉంటుంది. సాగుతున్న తంతువు ఒక్కొక్కటీ ఎక్కువ బలాన్ని తట్టుకోగలదు కనుక తక్కువ యూనిట్లతో పని గడిచిపోతుంది. తెరపై అంకె చూసిన శిక్షకుడు దిగడం తేలిక అనుకుంటాడు. కాని అలవాటులేని బస్కీలు తీసిన మర్నాడు, మూడోనాడు మెట్లు దిగలేక పట్టుకునే నొప్పికి ప్రధాన కారణం, సంకేతం చిన్నగా ఉన్న ఆ దిగే దశే.

5. పరిశోధనలో పొరపాట్లు:
వ్యాయామ విద్యలో తరచుగా కనిపించే పరిశోధన నమూనా ఒకటుంది. కొందరు విద్యార్థులచేత రెండు రకాల వ్యాయామాలు చేయించి, ఈఎంజీ నమోదు చేసి, ఏ వ్యాయామంలో కంపన పరిమితి ఎక్కువ ఉంటే అది కండరాన్ని ఎక్కువగా పెంచుతుందని తేల్చడం. మొదటి సగం కొలత, రెండో సగం ఊహ. ఈ రెంటి మధ్య వంతెన లేదు. తేలిక బరువుతో ఓపిక అయిపోయేదాకా చేసిన వ్యాయామం, భారీ బరువుతో చేసినదానికి ఇంచుమించు సమానంగా కండరాన్ని పెంచగలదని వారాల తరబడి సాగిన శిక్షణ ప్రయోగాలు చూపాయి; ఒక్కసారిగా ఎత్తగల గరిష్ఠ బరువు మాత్రం భారీ శిక్షణతోనే ఎక్కువ పెరుగుతుంది. అదే సమయంలో తేలిక బరువుతో నమోదయ్యే సంకేతం తక్కువగానే ఉంటుంది. సంకేతాన్ని మాత్రమే నమ్మినవారు మోకాళ్ళు బలహీనమైన వృద్ధునికి ఆ తేలిక వ్యాయామం వృథా అని చెప్పి పంపవచ్చు. ఇది సిద్ధాంతగ్రంథంలో ఒక పేజీ పొరపాటుతో ముగిసే వ్యవహారం కాదు.

వ్యక్తుల మధ్య పోలికకు ప్రమాణీకరణ అవసరమని అందరూ రాస్తారు. గరిష్ఠ ఐచ్ఛిక సంకోచంలో వచ్చిన సంకేతాన్ని నూరుగా తీసుకొని, వ్యాయామంలోని సంకేతాన్ని అందులో శాతంగా చెప్పడం వాడుక. కాని ఆ గరిష్ఠం నిజంగా గరిష్ఠమేనా? నొప్పి ఉన్నవారు, అలవాటు లేనివారు, మొహమాటపడేవారు పూర్తి బలం చూపరు. హారం చిన్నదైతే శాతం పెద్దదవుతుంది. పట్టికలలో 120, 140 శాతాలు కనిపించినప్పుడు ఆ విద్యార్థి అమానుష శ్రమ చేశాడని కాదు, గరిష్ఠ పరీక్షలో పూర్తిగా బిగించలేదనో, కదలిక వల్ల కొలత మారిందనో అర్థం చేసుకోవాలి. గట్టిగా ప్రోత్సహిస్తూ, అభ్యాసం ఇచ్చి, కనీసం రెండు మూడు ప్రయత్నాలు చేయించిన వివరం పరిశోధనపత్రంలో లేకపోతే ఆ శాతాలపై ఆధారపడటం కష్టం.

ఇంతా చెప్పి ఈ సాధనం పనికిరాదనడం నా ఉద్దేశం కాదు. ఒకే వ్యక్తి, ఒకే పూట, అంటించిన ఎలక్ట్రోడ్ కదపకుండా చేసిన పోలిక చాలావరకు నమ్మదగినది. ఏ కండరం ముందు మేల్కొంది, ఏది ఆలస్యమైంది అన్న ప్రశ్నకు దీనికి మించిన సాధనం అరుదు. మోకాలి శస్త్రచికిత్స తరువాత తొడ కండరాన్ని బిగించమంటే చాలామంది బిగించలేరు. కండరం చెడిపోయి కాదు. కీలులోని వాపు, గాయం వల్ల వెన్నుపాము స్థాయిలోనే ఆజ్ఞ అణగిపోతుంది. అటువంటి రోగికి తన సంకేతాన్ని తెరపై గీతగానో, శబ్దంగానో చూపి, ‘ఇది పెరిగేలా బిగించండి’ అంటే దారి దొరుకుతుంది. నిన్నటి మిల్లీవోల్టులతో, పక్క మంచం రోగితో అక్కడ పని లేదు. ఈ క్షణంలో గీత లేచిందా లేదా అన్నది చాలు.

6. చౌక సెన్సార్లు, తరగతి గది:
ఇంజినీరింగ్ కళాశాలల ప్రాజెక్టులలో వాడే చిన్న సెన్సార్ పలకలు చాలావరకు ముడి సంకేతానికి బదులు, దాన్ని ధనాత్మకంగా మార్చి నునుపు చేసిన పైగీతను అందిస్తాయి. కృత్రిమ చేతిని తెరవడానికి, మూయడానికి అది బాగా సరిపోతుంది. అలసటను చదవాలంటే పనికిరాదు, ఎందుకంటే పౌనఃపున్య సమాచారం నునుపు చేయడంలోనే పోతుంది. ముడి సంకేతం కావాలంటే సెకనుకు కనీసం 1000 నమూనాలు తీసుకోవాలి. 450 హెర్ట్జ్ వరకు ఉన్న అలలను నమ్మకంగా పట్టుకోవడానికి అది కనీస అవసరం. సెన్సార్లు కుట్టిన వ్యాయామ దుస్తులలో జిగురులేని పొడి ఎలక్ట్రోడ్లు ఉంటాయి. బట్ట జారితే కొలిచే చోటు మారుతుంది. యాప్‌లో ఎర్రగా వెలిగే తొడ బొమ్మ వెనుక ఏ గణన ఉందో తయారీదారు వెల్లడించనంతవరకు, ఆ రంగును దత్తాంశంగా సిద్ధాంతగ్రంథంలో చేర్చడం సబబు కాదని నా అభిప్రాయం.

ముడి సంకేతం ఇచ్చే పరికరం ఒక్కటున్నా తరగతిలో చేయించదగిన ప్రయోగం ఇది. ఆరోగ్యంగా ఉన్న విద్యార్థిని, అతని సమ్మతితో, మోకాళ్ళు 90 డిగ్రీలు వంచి గోడకుర్చీ వేయించాలి. వాస్టస్ లాటరాలిస్ సంకేతాన్ని నమోదు చేస్తూ, ప్రతి 15 సెకన్లకు బోర్గ్ అంకె అడిగి రాసుకోవాలి. జారే వరకు ఉంచి, ఐదు నిమిషాలు విశ్రాంతి ఇచ్చి, మళ్ళీ అదే చేయించాలి. రెండోసారి మొదలుపెట్టేటప్పటికి మధ్యగత పౌనఃపున్యం ఇంచుమించు మొదటి స్థాయికి తిరిగి వచ్చి ఉంటుంది. తంతువు పొర తేరుకుందని దాని అర్థం. గీతను మాత్రమే చూసేవారు అలసట తీరిందంటారు. విద్యార్థి మాత్రం సాధారణంగా మొదటిసారి అంతసేపు కూర్చోలేడు, బోర్గ్ అంకె కూడా తొందరగా పైకి ఎగబాకుతుంది. తంతువు లోపల కాల్షియం విడుదలలో వచ్చిన లోటు తీరడానికి గంటలు పట్టవచ్చు. ఎలక్ట్రోడ్ చూడలేని లోతులో ఉన్న ఆ లోటును ఇక్కడ నమోదు చేసిన కొలతలలో కొంతైనా బయటపెట్టినవి స్టాప్‌వాచీ, విద్యార్థి నోటి నుంచి వచ్చిన అంకె.